ఎండగోడ పక్కన పూలమడి

నర్సరీలో వరుసల మధ్య నుంచి పెద్ద కుండీ ఒకటి చంటిపిల్లలా చంకనెత్తుకుని వస్తున్న మరదల్ని చూడగానే థోరాకు ఒళ్లు మండింది. కుండీలో ఉన్నది హైడ్రేంజా. గుమ్మడికాయంత నీలం పూలగుత్తి దాని తల మీద ఊగుతోంది. సస్కచెవాన్ మైదానంలో, గాలికి తలుపు గడియలే ఆగని గ్రండ్‌వేల్ లాంటి ఊరికి ఆ పువ్వును తెచ్చి అమ్మేవాడికి సిగ్గు లేదనీ, కొనేవాళ్లకు బుద్ధి లేదనీ థోరా ఏటా అంటూనే ఉంది. ఈ ఏడు కొనేది తన ఇంటి మనిషే అయ్యేసరికి అనడానికి మాటలు చాల్లేదు.

"ఏంటది?"

"హైడ్రేంజా, వదినా. నీలం పూలు. ఐనార్‌కి నీలం ఇష్టం కదా."

"నా తమ్ముడికి ఏమిష్టమో నువ్వు నాకు చెబుతున్నావా? సరే, దాని మెడలో చీటీ ఉంది, చదివావా?"

"చదివాను. ఎండైనా నీడైనా పర్వాలేదట."

"వెనక్కి తిప్పి చదువు. ఐదో మండలం అని ఉంటుంది. మనది మూడు. అది కూడా మొహమాటానికి ఇచ్చారు. జనవరిలో వచ్చి చూస్తే రెండు అని రాసి పారిపోతారు."

మార్గో చీటీ వెనక్కి తిప్పి చూసింది. ఆ అంకె ఎంత చిన్నదైతే చలి అంత పెద్దదని ఆమెకు పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. చెబితే మాత్రం ఏం లాభం? ఆమె పుట్టి పెరిగింది సముద్రం పక్కన, విక్టోరియాలో. అక్కడ ఫిబ్రవరిలో పూలు పూస్తాయి, వాటిని చూసి జనం మురిసిపోతారు. ఫిబ్రవరిలో పువ్వు పూయించుకోవడం కూడా ఒక గొప్పేనా అని థోరా అభిప్రాయం. ఏ చలీ ఎరగని మట్టిలో పూయడానికి మొక్కకు సిగ్గుండాలి.

"మంచు పడేముందు గడ్డి కప్పుతాను," అంది మార్గో.

"కప్పు. బొంత కూడా కప్పు. పక్కన పడుకుని జోలపాట పాడు."

మార్గో హైడ్రేంజాను బండిలో పెట్టుకుంది. దాని పక్కన అప్పటికే నాలుగు లావెండర్లు, రెండు గులాబీలు పెళ్లికి బయల్దేరినట్టు కూర్చుని ఉన్నాయి. ఆ గులాబీల పేర్లు చదివి థోరా ముక్కుతో నవ్వింది. రాణుల పేర్లూ యువరాజుల పేర్లూ పెట్టిన ఏ మొక్కా ఈ మట్టిలో రెండో వసంతం చూడలేదు.

ఇంత గొడవా ఒక్క పూలమడి గురించి. ఐనార్ పోయినేడు వసంతంలో, విత్తనాలు వేసే రోజుల్లో, ఊరి రోడ్డును యంత్రంతో చదును చేస్తూ, దాని సీటు మీదే గుండె ఆగి పోయాడు. గ్రండ్‌వేల్ కమ్యూనిటీ హాలు దక్షిణపు గోడ పొడుగునా పోయినవాళ్ల పేర్ల మీద మడులు ఉంటాయి. ఇంటికొక మడి, మడికొక ఇత్తడి రేకు, రేకు మీద పేరు. చూసుకోవాల్సింది ఇంటివాళ్లే. కలుపు పట్టించి వదిలేస్తే హాలు కమిటీ మడిని తవ్వి పారేసి కంకర పోయిస్తుంది. ఇత్తడి రేకు లోపల కోట్లు తగిలించే గదికి చేరుతుంది. అలా చేరిన రేకులు అక్కడ ఇప్పటికే ఒక వరస ఉన్నాయి. తడి బూట్ల వాసనలో నిలబడి వాటిని చదివినవాడు ఇంతవరకూ లేడు. తమ్ముడి పేరు ఆ గదికి పోకూడదన్నది థోరా పట్టుదల. మార్గోదీ అదే పట్టుదల. వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఐనార్ యాభై దాటేవరకూ పెళ్లి మాట ఎత్తలేదు. అక్కా తమ్ముడూ తండ్రి వదిలిన పొలంలో, పాత ఇంట్లో కలిసే ఉన్నారు. అక్క వండేది, తిట్టేది, అతను తినేవాడు, నవ్వేవాడు. ఒక ఎండాకాలం చేపలు పట్టడానికి సముద్రం వైపు వెళ్లినవాడు చేపలు తేలేదు, మార్గోను తెచ్చాడు. ఊళ్లో చిన్న ఇల్లు కొని అక్కడికి మారాడు. థోరా అప్పటినుంచీ మరదల్ని "సముద్రం" అని పిలిచేది, ఎదురుగా ఉన్నప్పుడు కూడా. మార్గో దాన్ని ముద్దుపేరనుకుని సంతోషించింది. అందుకు థోరాకు ఆమె మీద ఇంకొంచెం చులకన పెరిగింది.

హాలు దక్షిణపు గోడ ఎండకు పెనంలా కాలుతుంది. గాలి పొలాల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చి తగులుతుంది. దగ్గర్లో కుళాయి లేదు. మట్టిలో సగం రాళ్లు. ఇలాంటి చోటికి మొక్కను ఏరుకోవడం అల్లుణ్ని ఏరుకోవడం కాదు, పాలేరును ఏరుకోవడం అని థోరా అనేది. అందం తర్వాత చూసుకోవచ్చు. ఎండలో నిలబడతావా, నీళ్లు అడక్కుండా ఉంటావా, అక్టోబరులో నేల కింద పడుకుని మేలో మళ్లీ నీ అంతట నువ్వే లేస్తావా, ఇవి అడగాలి. లేస్తానన్నవాటినే తీసుకోవాలి. ఎర్రటి అంచుల గైలార్డియా, ఎంత తొక్కినా చావని యారో, వీపు ఎండకు కాలితే గానీ పూయని ఐరిస్, మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే సేడం, పువ్వు ఒక్కరోజే నిలిచినా దుబ్బు ఏళ్లకేళ్లు నిలిచే డే లిల్లీ, ఒకసారి కుదురుకుంటే నాటినవాళ్ల మనవల్ని కూడా చూసే పియొనీ. మొండి మొక్కలు. థోరా దృష్టిలో మర్యాదస్తులంటే అవే.

మే నెల చివర, ఇక నేల గడ్డకట్టదని నమ్మకం కుదిరాక, ఇద్దరూ మడి దగ్గర కలుసుకున్నారు. థోరా తన ట్రక్కు వెనకనుంచి గోనెసంచుల్లో చుట్టిన దుబ్బుల్ని ఒక్కొక్కటీ దింపింది. కొన్నవి కావు, తన పెరట్లోంచి తవ్వి తెచ్చినవి. మార్గో వాటిని చూసి కళ్లు తుడుచుకుంది.

"థాంక్స్ వదినా. ఎంత పెద్ద మనసు మీది."

"నోర్ముయ్. మొక్కకి థాంక్స్ చెబితే బతకదు. ఆ మాత్రం తెలీదా?"

"అయ్యో, మా వైపు అలాంటిది లేదు."

"మీ వైపు ఏదైనా బతుకుతుంది. అందుకే మీకు ఏ పద్ధతీ లేదు."

థోరా వెనక వరసలో డే లిల్లీలు, మధ్యలో యారో, ఐరిస్, ముందు సేడం పెట్టింది. పియొనీకి గొయ్యి తవ్వుతూ దాని మొగ్గలు మట్టికి రెండు వేళ్ల లోతు దాటకూడదని చెప్పింది. చలికి భయపడి లోతుగా పాతిపెట్టే మూర్ఖులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారనీ, వాళ్లకు ఏటా ఆకులే దక్కుతాయనీ, అందుకు వాళ్లు మొక్కను తిట్టుకుంటారనీ కూడా చెప్పింది. మార్గో బుద్ధిగా తలూపింది. ఖాళీగా మిగిలిన చోట హైడ్రేంజా, లావెండర్లు, గులాబీలు నాటుకుంది. థోరా అడ్డుపడలేదు. చావనీ అనుకుంది. చచ్చాకైనా ఈ మనిషికి కళ్లు తెరుచుకుంటాయి.

అనుకున్నట్టే అయింది. ఆ చలికాలం గాలికి మంచు గోడ పక్కన నిలవలేదు. మంచు కప్పు లేని నేల ఇనుములా గట్టిపడింది. మే వచ్చింది. డే లిల్లీలు పచ్చని ముక్కులు బయటపెట్టాయి, ఐరిస్ కత్తులు దూసింది, పియొనీ చేతివేళ్లలాంటి ఎర్రటి మొలకలు చూపించింది. మార్గో కొన్నవాటిలో ఒక్కటి కూడా లేవలేదు. హైడ్రేంజా చోట ఎండుపుల్లల కట్ట మిగిలింది. మార్గో దాన్ని గోటితో గీకి చూసింది, లోపల పచ్చదనం లేదు. చెబితే సిగ్గు గానీ, థోరాకు ఆ పుల్లల్ని చూసినప్పుడు కడుపు చల్లబడింది. ఆ రోజు ఇంటికి వెళ్లి మంచి కాఫీ పెట్టుకుంది.

"ఐదో మండలం," అంది, అంతకంటే ఇంకేమీ అనక్కర్లేక.

"మీరు చెప్పారు, నేను వినలేదు," అంది మార్గో. ఆమెలో ఉన్న ఈ గుణమే థోరాకు అస్సలు నచ్చేది కాదు. ఎంత గిల్లినా తిరిగి గిల్లదు. కాస్త ఎదురు తిరిగే మనిషైతే ద్వేషించడానికి వీలుగా ఉండేది. ఇలాంటివాళ్లను చులకన చేయడం తప్ప ఇంకేం చేయగలం?

ఆ వేసవి థోరా తెచ్చినవన్నీ గోడ పొడుగునా విరగబూశాయి. హాలుకు పెళ్లిళ్లకీ సమావేశాలకీ వచ్చినవాళ్లు ఐనార్ మడి దగ్గర ఆగి చూసేవారు. ఎవరైనా మెచ్చుకుంటే మార్గో వెంటనే, "అంతా మా వదిన చలవ," అనేది. థోరా ఆ మాట వినపడేంత దూరంలోనే నిలబడేది.

మరుసటి వేసవి, జూలై మధ్యలో, డే లిల్లీల నడుమ సన్నటి కాడ ఒకటి లేచింది. దాని ఒక పక్కన వరసగా ఊదారంగు గంటలు వేలాడుతున్నాయి. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. థోరా దాన్ని చూసి నిలబడినచోటే బిగుసుకుపోయింది.

అది పాకే గంటపువ్వు. ఈ మైదానంలో పూలమడి ఉన్న ప్రతి ఇంటివాళ్లకూ దాని పేరు చెబితే చాలు, మొహం మాడిపోతుంది. పైన పీకితే కింద దారాల్లాంటి తెల్లటి వేళ్లు, ఆ దారాల కింద ముల్లంగి లాంటి దుంపలు. వేలెడు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. మందు కొడితే ఆకు వాడుతుంది గానీ దుంపకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అది షాపుల్లో కొంటే రాదు. ప్రేమతో ఇరుగుపొరుగువాళ్లు ఇచ్చిన దుబ్బుల్లో దాక్కుని వస్తుంది. ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి, ఒక తరం నుంచి ఇంకో తరానికి అలాగే నడిచింది.

థోరా గొడ్ల కొట్టం వెనక అది ఎప్పటినుంచో ఉంది. తల్లికి ఎవరో ఇచ్చిన దుబ్బులో వచ్చింది. తల్లి పీకింది, థోరా పీకింది, ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. ఈ ఊళ్లో ఇంట్లో తాగుబోతు ఉన్నాడని చెప్పుకుంటారు గానీ పెరట్లో గంటపువ్వు ఉందని చెప్పుకోరు. మరి కొట్టం వెనకనుంచి ఎందుకు తవ్వింది? ముందు వాకిట్లో మంచి డే లిల్లీలు ఉన్నాయి, నిమ్మపండు రంగువి, ఏ కలుపూ ఎరగని మట్టిలో. ఆ దుబ్బుల్ని పారతో రెండు చేయడానికి ఆమెకు చేతులు రాలేదు. సముద్రానికి తేడా ఏం తెలుస్తుందిలే అనుకుని కొట్టం వెనక్కి వెళ్లింది. వేళ్లు కడిగి, విడదీసి చూడాలని కూడా తెలుసు. ఆ రోజు బద్ధకించింది. ఇదీ మొక్కల విషయంలో ఊరందరికీ సుద్దులు చెప్పే మనిషి చేసిన పని.

థోరా ఆ కాడను తుంచి జేబులో వేసుకుని ఇంటికి పోయింది. వారం తిరక్కుండా ఇంకో పది లేచాయి. ఆగస్టు వచ్చేసరికి గంటలు ఐనార్ మడి దాటి పక్కనున్న ఫ్రీసెన్‌ల మడిలోకి నడిచాయి.

హాలు కమిటీ సమావేశం పెట్టింది. కమిటీ పెద్ద ఓరెస్ట్ కుజిక్‌కు కంకరంటే ప్రాణం. సొంత ఇంటి ముందు గడ్డి మొత్తం పీకించి కంకర పోయించి, మధ్యలో సిమెంటు జింకను నిలబెట్టాడు. ఏటా ఆ జింకకు రంగు వేస్తాడు. అలాంటి మనిషి చేతికి ఊరి పూలమడుల్ని అప్పగించిన ఊరిని ఏమనాలో థోరాకు ఎప్పుడూ తోచలేదు.

"ఫలానావాళ్ల తప్పు అని నేను అనడం లేదు," అన్నాడు కుజిక్, అందరి కప్పుల్లోనూ కాఫీ పోశాక. "కానీ కంకరలో ఈ బాధ ఉండదు."

"తప్పు ఎవరిదో తెలిస్తే అనడానికేం?" గ్లాడిస్ ఫ్రీసెన్ ఒంటికాలి మీద లేచింది. పక్క మడి ఆమె తండ్రిది. "మా నాన్న మడిలో ఇన్నేళ్లలో ఒక్క గడ్డిపరక లేదు. ఇప్పుడు ఊదారంగు పూలతో పండగ చేసుకుంటోంది. ఎవరు తెచ్చారండీ దీన్ని?"

అందరూ మార్గో వైపు చూశారు. చూడమని ఎవరూ చెప్పలేదు, వాళ్ల మెడలే అటు తిరిగాయి. మార్గో లేచి నిలబడింది.

"నేనే అయ్యుంటాను," అంది. "పోయినేడు నా మొక్కలు చచ్చిపోయాక ఖాళీ చూడలేక ఒక గింజల పొట్లం చల్లాను. పచ్చిక పూలు అని రాసి ఉంది. పైన గడ్డిలో పరిగెత్తే చిన్నపిల్ల బొమ్మ ఉంది. వదినకు కూడా చెప్పలేదు. తిడుతుందని."

"బొమ్మ చూసి కొన్నావా?" గ్లాడిస్ చేతులు పైకెత్తింది. "వినండయ్యా! బొమ్మ చూసి కొన్నదట! మీ సముద్రం దగ్గర జనానికి పూలతో ఆటలేమో, మాకు మాత్రం ఇది మా నాన్న సమాధి తర్వాత సమాధంత. తెలీకపోతే అడగాలి. ఇంటి మనిషి థోరా ఉంది కదా! ఇంత తెలిసిన మనిషి పక్కన ఉండగా ఇదేం పోయేకాలం?"

"పాపం థోరా," అన్నాడు కుజిక్. "ఆమె తెచ్చిన మంచి మొక్కలు కూడా పాడైపోయాయి."

థోరా ప్లేటులో ఎండు ప్లమ్‌పండ్ల ముద్ద పొరలు పొరలుగా పెట్టిన వినార్‌టెర్టా కేకు ముక్క ఉంది. ఆమె దాన్ని ఫోర్కుతో పొరల వెంట విడదీసింది. నోరు విప్పడానికి అదే సరైన సమయమని ఆమెకు తెలుసు. ఆ పొట్లంలో ఏమున్నాయో కూడా తెలుసు. బంతిజాతి పూలూ గసగసాల పూలూ తప్ప ఏముంటాయి? అవి మొలకెత్తి, ఎండకు మాడి, ఎప్పుడో పోయాయి. గ్లాడిస్ మాటలకు మార్గో చెవులు ఎర్రబడటం చూసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. పైగా ఒక పొర తిన్నది కూడా.

"టర్కీ విందు వరకూ గడువు ఇద్దాం," అన్నాడు కుజిక్. అక్టోబరులో ఊరంతా హాల్లో కూర్చుని టర్కీకోడి తినే విందు అది. "అప్పటికి రెండు మడులూ శుభ్రమైతే సరే. లేకపోతే కంకర లారీ చెప్పేస్తాను."

"చేస్తాను," అంది మార్గో. "నేనే చేస్తాను. మీరెవరూ చేయి వేయొద్దు."

బయటికి వచ్చేటప్పుడు గ్లాడిస్ థోరా భుజం మీద చేయి వేసి, "నీ ఓర్పుకి దండం పెట్టాలి," అంది. థోరా ఆ దండం కూడా పుచ్చుకుంది.

సెప్టెంబరంతా మార్గో మడి దగ్గరే ఉంది. ముందు ఫ్రీసెన్‌ల మడి బాగుచేసి, తర్వాత తమది పట్టుకుంది. నాలుగు పళ్ల పారతో మట్టిని లోతుకంటా పెకిలించి టార్పాలిన్ మీద పోసేది. ఇనప జల్లెడలో కొంచెం కొంచెం వేసి జల్లించేది. తెల్లటి దారం కనిపిస్తే గోళ్లతో ఏరి నల్లసంచిలో వేసేది. థోరా తపాలా కోసం ఊళ్లోకి వచ్చినప్పుడల్లా హాలు ముందు నుంచే వెళ్లేది. ట్రక్కు అద్దం దించేది కాదు. ఆ మనిషి కూర్చునే తీరు చూడు, జల్లెడ పట్టుకునే తీరు చూడు, ఇలాగైతే వచ్చే ఏడుకైనా అవుతుందా అని లోపల సణుక్కునేది. నిజానికి మార్గో పని చాలా శ్రద్ధగా చేస్తోంది. థోరాకు అది కూడా కనిపించింది. అందుకే ఇంకా గట్టిగా సణుక్కుంది.

మార్గో సగం మట్టి జల్లించిన రోజున థోరా ట్రక్కు ఆపింది. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని దిగింది, దిగడానికి ఒక సాకు కావాలి కాబట్టి.

"ఇంకా ఎంత?"

"సగం, వదినా. ఈ చివర అయిపోయింది. ఒక్క దారం కూడా లేదు, చూడండి." మార్గో అరచేతి నిండా మట్టి తీసి చూపించింది. ఆమె గోళ్లు విరిగిపోయి ఉన్నాయి. మోకాళ్ల దగ్గర ప్యాంటు చిరిగింది.

గోడ పక్కన తడి గోనెపట్టా కింద ఏవో కప్పి ఉన్నాయి. పట్టా చివర నుంచి డే లిల్లీ ఆకులు బయటికి వచ్చాయి.

"అవేంటి పక్కన పెట్టావు?"

"మీవే. మట్టి శుభ్రమయ్యాక మళ్లీ అలాగే పెట్టేస్తాను. వీటిని మాత్రం విడదీయలేదు, కదపలేదు. మీ చేతివి కదా, వాటిలో ఏముంటుంది?"

థోరా పట్టా ఎత్తింది. దుబ్బుల్లో డే లిల్లీ వేళ్లు లావుగా, పసుపచ్చగా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య నుంచి తెల్లటి దారం ఒకటి తొంగిచూస్తోంది. తెలిసినవాళ్ల కంటికి మాత్రమే కనపడేంత. ఈ దుబ్బు మళ్లీ మడిలోకి వెళితే వచ్చే జూలైలో గంటలు మళ్లీ వేలాడతాయి. ఈసారి కుజిక్ విందు వరకూ ఆగడు.

"ఇవి పడెయ్," అంది. "ముసలివైపోయాయి. నేను వేరేవి తెస్తాను."

"పడెయ్యడమా?" మార్గో పట్టాను ఆమె చేతిలోంచి లాక్కుని మళ్లీ కప్పింది. "నేను కొన్నవన్నీ చచ్చిపోతే ఇవే నిలబడ్డాయి. మొదటి పువ్వు విచ్చుకున్న రోజు నేను శాండ్‌విచ్ తెచ్చుకుని ఇక్కడే కూర్చుని తిన్నాను. ఇంట్లో ఒక్కదాన్నే తింటే గొంతు దిగడం లేదు, ఆ రోజు దిగింది. మీరు తిట్టినా సరే, పడెయ్యను."

థోరా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని చూసింది. అబద్ధం నిలవాలంటే మడి పోవాలి. మడి నిలవాలంటే నిజం చెప్పాలి. ఈ సముద్రం ముందు, ఈ మట్టికొట్టుకుపోయిన మనిషి ముందు.

"అందులోనే ఉంది," అంది.

"ఏముంది?"

"గంటపువ్వు. నీ పొట్లంలోంచి రాలేదు. నా దుబ్బులో వచ్చింది."

మార్గో పట్టా తీసి, ఒక దుబ్బును బయటికి లాగి, పార పళ్లు మధ్యలో దిగేసి బలంగా విరిచింది. దుబ్బు రెండుగా విచ్చుకుంది. నడిమధ్యలో బొటనవేలంత తెల్లటి దుంప ఉంది. డే లిల్లీ వేళ్లు దాని చుట్టూ చుట్టుకుని పెరిగాయి, ఎన్నో ఏళ్లుగా కలిసి కాపురం చేస్తున్నట్టు. ఇది మొన్న చల్లిన గింజ కాదని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి పువ్వు చూసినప్పుడే."

"మీటింగ్ నాటికి తెలుసా?"

"తెలుసు."

"గ్లాడిస్ నన్ను అన్ని మాటలంటుంటే మీరు కేకు తింటున్నారు."

"అవును."

మార్గో ఆ దుంపను లాగింది. అది తెగకుండా మొత్తం వచ్చింది. సంచిలో వేసింది.

"ఎక్కడిది ఈ దుబ్బు? మీ వాకిట్లో పసుప్పచ్చ పూలు పూస్తాయే, అవి కావు కదా?"

"గొడ్ల కొట్టం వెనకది."

"వాకిట్లోవి ఎందుకు తేలేదు?"

ఇన్నాళ్లూ నోటికి వచ్చింది వచ్చినట్టు అనేసిన థోరా, ఇదీ అలాగే అనేసింది. "కోయడానికి చేతులు రాలేదు. నీ ముఖానికి ఇవి చాల్లే అనుకున్నాను."

"నా ముఖానికా?" మార్గో లేచి నిలబడింది. ఆమె చూపు థోరా శుభ్రమైన బూట్ల నుంచి మొదలై నెమ్మదిగా పైకి వచ్చింది. ఆ చూపులో కోపం లేదు. చచ్చిన హైడ్రేంజాను తను గోటితో గీకినప్పుడు థోరా తనను ఎలా చూసిందో, సరిగ్గా అలా చూసింది. "నాకిచ్చావనుకున్నావా? ఆ రేకు మీద ఎవరి పేరుంది?"

థోరా రేకు వైపు తిరిగింది.

"చదువు. కళ్లజోడు ఉందిగా. పైకి చదువు."

"ఐనార్," అంది థోరా.

"ఆ. అతనికిచ్చావు కొట్టం వెనకది." మార్గో మళ్లీ జల్లెడ ముందు కూర్చుంది. "విందు రోజున గ్లాడిస్‌తో నువ్వే చెప్పు, అందరి ముందూ. నేను పక్కన నిలబడను. ఇప్పుడు ఈ దుబ్బులన్నీ విడదీయాలి. నిలబడి చూస్తావేంటి, కూర్చో."

ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలో తెలియక థోరా దాన్ని గోడకు ఆనించింది. గోడ ఇంకా వేడిగానే ఉంది. ఆమె ఒక చేయి నేలకు ఆనించి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది మట్టిలో మోపింది. మార్గో చూడకుండానే ఒక దుబ్బును ఆమె ముందుకు తోసింది. పార ఇవ్వలేదు. థోరా చేతులతోనే మొదలుపెట్టింది.